పురిటి పర్దాలో ఆస్ట్రేలియా పక్షి

నా మొదటి నౌకరీ ఒక పక్షికి పురుడు చూడడం.

ఈ మాట అంటే, నేను ఆయాగా చేసి దిగిపోయిన ఆసుపత్రిలోని నర్సు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలావిడకు మతి జారిందనుకుంటారు కాబోలు. జారలేదమ్మా. పురుడు నిజం, పక్షి నిజం, జీతం కూడా నిజం. నౌకరీ అంతా అయిపోయాకే నాకు అక్షరాలు వచ్చాయి, అందుకని నా రాత మెల్లగా నడుస్తుంది. మీరూ మెల్లగానే చదవండి. పై అధికారి ఒక తెలివితక్కువ హుకుం ఇచ్చినప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో మీ చదువుల్లో ఎవరూ చెప్పి ఉండరు.

అప్పుడు బస్తరు ఒక సంస్థానం. పెద్ద రాజ్యం జగదల్‌పూర్‌లో నడిస్తే, ఇటు ఇంద్రావతి పక్కన తెలుగు వినబడే వైపు మాదొక చిన్న జమీ. ఏ జమీయో చెప్పను. మాకు మా జమీందారు దొరే రాజు. ఆయనకు గుర్రాల పిచ్చి. మా దారుల్లో ఎద్దుబండి పోవడమే గగనం. గుర్రాన్ని పరుగెత్తించడానికి గడీ ముందున్న మైదానం తప్ప చదునైన నేల లేదు. పరుగు మొదలు పెట్టగానే అడివి వచ్చేది. అయినా దొర చలికాలం వస్తే ఆస్ట్రేలియా గుర్రాలు కొనేవాడు. ఆ దేశంలో ఓడెక్కించి, మద్రాసులో దింపి, రైలు పోయినంత దూరం రైల్లో, ఆ తర్వాత నడిపించుకుంటూ తెచ్చే ఒక తెల్ల వ్యాపారి ఉండేవాడు. ఆయన్ని అందరూ గుర్రాల దొర అనేవాళ్ళు. ఒకసారి గుర్రాలతోపాటు రెండు పక్షి పిల్లల్ని తెచ్చి కానుకగా ఇచ్చి పోయాడు. వాటిని ఈములంటారట.

అవి పెరిగి మనిషెత్తు అయ్యాయి. ఒంటి మీద ఈకలంటే ఈకలు కావు, పాత గుడిసె కప్పు మీది గడ్డిలాగా వేలాడుతుంటాయి. రెక్కలు ఉన్నాయి గానీ ఆ సంగతి వాటికే గుర్తు లేదు. కాళ్ళు మాత్రం చూడాలి. ఒక్క తన్ను తంతే కుక్క మళ్ళీ ఆ వీధికి రాదు. రెండూ చూడ్డానికి ఒక్కటే మాదిరి. తేడా గొంతులో ఉంది. ఒకటి రొమ్ము లోపలినుంచి డోలు కొట్టినట్టు దుమ్ము దుమ్మంటుంది. రెండోది గొంతు సరిగా పెగలనట్టు చిన్నగా గుర్రుమంటుంది, అంతే.

గడీ తోటకు ఒక దరోగా ఉండేవాడు. చెట్లు, నెమళ్ళు, కుందేళ్ళు, మాలీలు అందరిమీదా ఆయనే అధికారి. ఆయన రెండు పక్షుల ముందూ నిలబడి, మీసం సవరించుకుని తేల్చేశాడు. డోలు కొట్టేది మగది. గుర్రుమనేది ఆడది. గట్టిగా అరిచేది మగది కాక మరేమిటి? అది అందరికీ సబబుగానే తోచింది. తర్వాత నాకు చెప్పినప్పుడు నాకూ తోచింది. మా ఇళ్ళలో చూసింది అదే కదా.

మగదానికి సర్దార్ అని పేరు పెట్టారు, ఆడదానికి బేగం అని. సర్దార్‌కు గింజలు ముందు పడేవి, మిగిలితే బేగంకు. సర్దార్ తోటంతా తిరగొచ్చు, బుద్ధి పుడితే బజారుకు కూడా పోవచ్చు. వెంట ఇద్దరు బంట్రోతులు నడిచేవాళ్ళు. బేగంకు తోట మూలన కంచె; పొద్దువాలితే సర్దార్‌నూ అందులోకే తోలేవాళ్ళు.

తర్వాత ఒక చలికాలం కంచెలో ఎండు మోదుగాకుల కుప్ప మీద గుడ్లు కనబడ్డాయి. చిలుము పట్టిన రాగిచెంబు రంగు. ఆ పక్షి సందెవేళ పెడుతుందట, అందుకని పెట్టేటప్పుడు ఎవరి కంటా పడలేదు. బేగం వాటి మీద కూర్చుంది. ఇక లేవలేదు.

దొర తల్లిని మేమందరం పెద్ద దొరసాని అనేవాళ్ళం. ఆమె ఎప్పుడూ బయటికి రాదు, ఆమె మాట మాత్రం ప్రతిరోజూ వస్తుంది. ఈసారి వచ్చిన మాట ఇది: "ఆడది పురిటికి కూసుంటే చుట్టూ మాలీలు తిరుగుడేంది? సిగ్గు లేదా? పర్దా కట్టున్రి. ఆడదానికి ఆడమనిషే ఉండాలె."

కంచె చుట్టూ తడికలు లేచాయి. తడికల మీద ఎర్రగుడ్డ కట్టారు. ఆడమనిషిని వెతకడం మొదలైంది. తన్ను సంగతి ఊరంతా తెలుసు కాబట్టి ఎవరూ రాలేదు.

నేను అప్పటికి మరిది ఇంట్లో ఉన్నాను. నా పెనిమిటి జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు. మరిది ఇంట్లో వడ్లు దంచడం, జొన్నలు విసరడం, పేడ తియ్యడం నా పని. అందరూ తిని లేచాక గిన్నెలో ఏం మిగిలితే అది నా జీతం. ఒకరోజు తోడికోడలు గిన్నె కడిగి బోర్లించి, నీ సంగతి మరిచిపోయాను అక్కా అంది. ఆమె నిజంగానే మరిచిపోయింది. అదే నాకు ఎక్కువ భయం పుట్టించింది. ఇంకొన్నాళ్ళు పోతే నేనూ మరిచిపోతాననిపించింది. గడీలో ఆడమనిషి కావాలని విని మర్నాడే పోయి దరోగా ముందు నిలబడ్డాను.

గడీ పంతులు నన్ను చూసి చెవులు మూసుకున్నాడు. మొగుడు పోయినదాన్ని పురిటి చోటికి రానిస్తారా అన్నాడు. సరే అని ఇంకొకళ్ళ కోసం చూశారు. ఎవరూ లేరు. పంతులు మరోసారి ఆలోచించి, పక్షిజాతికి శకునాలు పట్టవని శాస్త్రం ఒప్పుకుంటుందన్నాడు. శాస్త్రం అంత మంచిదని నాకు అంతవరకు తెలియదు.

"తంతది. ఎరుకేనా?" అన్నాడు దరోగా.

"తన్నేటోళ్ళు నాకు కొత్త గాదయ్యా."

నాకు తోటలో ఒక గది ఇచ్చారు. లోపలినుంచి గడియ ఉన్న గది. మీకది ఏమీ కాకపోవచ్చు. ఆ మొదటి రోజు నేను ఊరికే గడియ వేసి తీసి, వేసి తీసి చూశాను.

పని చిత్రంగా ఉండేది. మొదట బేగం గర్భిణీయా బాలింతా అన్న దాని మీద పంతులుకూ దరోగాకూ వాదం. గుడ్లు బయటికి వచ్చేశాయి కాబట్టి బాలింత అని దరోగా. బిడ్డలు ఇంకా బయటికి రాలేదు కాబట్టి నిండు గర్భిణి అని పంతులు. చివరికి సగం బాలింత అని తేల్చారు. సగం పథ్యం పెట్టమన్నారు. నేను శొంఠి, వాము, బెల్లం కలిపి నూకలు ఉడికించి ముందు పెట్టేదాన్ని. బేగం ముక్కు తిప్పుకునేది. పొద్దున సాంబ్రాణి పొగ వెయ్యమన్నారు. వేస్తే అది కళ్ళు మూసుకుని, ఎవరిమీదో ఒట్టు పెట్టుకున్నట్టు బిగుసుకుని కూర్చునేది. తిండి లేదు. నీళ్ళు కూడా ఎప్పుడో. గుడ్లను ముక్కుతో మెల్లగా దొర్లించేది, మళ్ళీ కూర్చునేది. రోజురోజుకూ చిక్కిపోయింది. వీపు మీద ఎముక తేలింది. పర్దా బయట సర్దార్ డోలు వాయించుకుంటూ బొద్దింకలు, పూలు, కాయలు, ఒకసారి దరోగా చొక్కా గుండీ, ఏది దొరికితే అది మింగుతూ తిరిగేది.

"చూడు నీ మొగుణ్ణి, ఒక్క పూటైనా తొంగి చూసిండా?" అనేదాన్ని బేగంతో. అది గుర్రుమనేది. మాకిద్దరికీ బాగా కుదిరిందనుకునేదాన్ని.

ఆ సమయంలోనే గుర్రాల దొర మళ్ళీ వచ్చాడు. గుర్రాల కాళ్ళు బాగుపడేదాకా సాయంత్రాలు లాయం ముందు కూర్చుని తన దేశం కబుర్లు చెప్పేవాడు. ఆయన హిందీ సిపాయిల దగ్గర నేర్చుకున్న హిందీ. సగం తిట్లు, సగం గుర్రాల పేర్లు. మా ముసలి మాలీ దాన్ని తెలుగు చేసేవాడు. ఈ ముసలి మాలీ కోయ మనిషి, నాలుగు భాషలు వచ్చు. నన్ను బిడ్డా అనేవాడు, నేను తాతా అనేదాన్ని. నేను తడిక సందులోంచి వినేదాన్ని.

వాళ్ళ దేశంలో హంసలు నల్లగా ఉంటాయట. చెట్లు ఆకులు రాల్చవట, బెరడు రాలుస్తాయట. వాళ్ళ పెద్ద పండుగ మండుటెండలో వస్తుందట, అయినా చలిదేశపు తాతల అలవాటు పోక పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ మాంసం కాల్చుకుంటారట. ఒక జంతువుకు పొట్ట మీద సంచి, సంచిలో పిల్ల. ఇంకొక జంతువుకు బాతు ముక్కు, ఒంటినిండా బొచ్చు, అది గుడ్లు పెడుతుంది, పిల్లలకు పాలూ ఇస్తుంది. తెల్లవారుజామున మనిషి నవ్వినట్టు పగలబడి నవ్వే పక్షి ఒకటి. పగలూ రాత్రీ చెట్టు కొమ్మ మీద పడి నిద్రపోతూ, మెలకువ వచ్చినప్పుడు ఆకు నమిలే జంతువు ఒకటి. ఇది చెప్పినప్పుడు మాత్రం లాయంలో అందరి కళ్ళూ దరోగా బావమరిది వైపు పోయాయి. ఆయన అప్పుడే తమలపాకు నములుతూ మంచం మీద ఇటునుంచి అటు తిరిగాడు.

ఆ బావమరిది గురించి రెండు మాటలు చెప్పాలి. అక్క కాపురానికి వస్తే వెంట వచ్చి, తిరిగి పోవడం మరిచిపోయిన మనిషి. ఏదైనా నౌకరీ ఇప్పించమని అక్క మొగుణ్ణి సతాయించడం ఆయన నౌకరీ.

సరే, గుర్రాల దొర చెప్పేవన్నీ నవ్వుకుంటూ వినేవాళ్ళు. ఒక్కటీ నమ్మేవాళ్ళు కాదు. ఒకరోజు ఆయన తమ దేశంలో పాలేరు, యజమాని ఒకే బల్ల దగ్గర తింటారన్నాడు. బాతు ముక్కు జంతువుకు నవ్విన దానికంటే ఎక్కువ నవ్వారు. వాళ్ళ అమ్మ కూడా పోయి, ఎవరు ఏలాలో ఓటు వేసి వస్తుందన్నాడు. గుర్రాలకు దాణా పెట్టేవాడు నవ్వలేక కిందపడ్డాడు. "మరి మీ నాయన ఇంట్ల గుడ్లు పొదుగుతడా?" అని ఎవరో అన్నారు.

"నాన్న పొదగడు. ఈము పొదుగుతుంది," అన్నాడు ఆయన. "మీ పర్దాలో కూర్చున్నది మగది కదా."

ఆ రోజు నవ్వుకు గుర్రాలు బెదిరాయి. నేనూ తడిక వెనక నవ్వాను. ఒక్క ముసలి మాలీ నవ్వలేదు. "ఎందుకు గావద్దు? మా దగ్గర లమ్సేనా లేడా? పిల్లను ఇస్తరని మామ ఇంట్ల ఏండ్లకేండ్లు గొడ్డుచాకిరి జేస్తడు. ఇది లమ్సేనా పక్షేమో," అన్నాడు. అది విని ఇంకా నవ్వారు.

ఆయన చెప్పినవాటిల్లో మా వాళ్ళు వెంటనే నమ్మింది ఒకే ఒక్కటి. నీటి మడుగులో ఉండి మనుషుల్ని లాక్కుపోయే భూతం. అది చెప్పినప్పుడు గుర్రాల దొర కళ్ళల్లోనే అబద్ధం కనబడింది. అయినా అందరూ గంభీరంగా తలలూపారు. మా ఇంద్రావతిలోనూ ఉంది, అచ్చం అదే, అన్నారు.

ఇంకొక మాట కూడా గుర్తుంది. గుర్రాల దొర తన ముత్తాత దొంగతనం చేస్తే ఇంగ్లీషువాళ్ళు ఓడెక్కించి ఆ దేశానికి తరిమారని చెప్పాడు. గొప్పగానే చెప్పాడు. వాళ్ళ దేశం అట్లా మొదలైందట. ముసలి మాలీ అడిగాడు, "మీ ముత్తాత పోయేనాటికి ఆ అడివి ఎవరిది? ముందునుంచి ఉన్నోళ్ళు ఏమైన్రు?"

అంతసేపు వాగిన మనిషి పొగ పీల్చే గొట్టంలో పొగాకు దట్టించడం మొదలుపెట్టాడు. దట్టించీ దట్టించీ, ఉన్నారు, అన్నాడు. కొందరు ఉన్నారు, అన్నాడు. సర్కారు అడివికి గుర్తురాళ్ళు పాతినప్పుడు ముసలి మాలీ ఊరు రాళ్ళకు లోపలి వైపు పడి, ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

మగపక్షి పొదుగుతుందన్న మాటకు అందరూ నవ్వి మరిచిపోయారు. మరిచిపోనివాడు బావమరిది. పర్దాలో ఉన్నది మగదైతే దానికి ఆడమనిషి ఎందుకు? ఆ గది, ఆ జీతం, కూర్చుని ఉండే ఆ పని, అవి తనకోసమే పుట్టినట్టున్నాయి. నౌకరీ చూసి మనిషిని వెతుకుతారు సాధారణంగా. ఈయన నౌకరీ కోసం ఒక పక్షిని మగది చెయ్యడానికి పూనుకున్నాడు. పాపం, అది అప్పటికే మగది అయి ఉండడం ఆయన తెలివి కాదు.

దరోగాకు ఇరకాటం వచ్చింది. ఇంట్లో భార్య తమ్ముడి పక్షం. గడీలో, బేగం తల్లి కాబోతోందని పెద్ద దొరసానికి విన్నవించి బహుమానంగా శాలువా పుచ్చుకున్నది తను. పక్షి ఆడది కాకపోతే శాలువా ఏం కావాలి? ఆయన తేల్చకుండా నానుస్తుంటే బావమరిది ఆగలేక నేరుగా పోయి దొర చెవిన వేశాడు. దొరకు తమాషా అనిపించింది. రేపు సాయంత్రం అందరి ముందూ తేల్చేద్దామన్నాడు.

మర్నాడు పొద్దున దరోగా తడిక దగ్గరికి వచ్చాడు. పర్దా కాబట్టి లోపలికి రాకుండా బయటినుంచే మాట్లాడాడు.

"నువ్వు దగ్గరుండి చూసినవ్ గదా. ఆడదే అని గట్టిగ చెప్పాలె."

"చెప్తనయ్యా."

"నిజంగ చూసినవా?"

"మీరు చూసినంతే చూసిన."

ఆయన మీసం సవరించుకున్నాడు. తర్వాత, "మగదని తేలితే నీకిక్కడ పనేం ఉంటది? మీ మరిదికి కబురు పెట్టి తోల్కపొమ్మంట," అన్నాడు. అనడమే కాదు, ముందు జాగ్రత్తగా మధ్యాహ్నానికే కబురు పెట్టించాడు. అంత నమ్మకం ఆయనకు తన తీర్పు మీద.

నేను బేగం ముందు కూర్చున్నాను. నీకు పుణ్యముంటది, ఆడదానివై ఉండు తల్లీ అని దండం పెట్టాను. దాని ముక్కు కింద గుడ్డు ఒకటి కదిలితే సర్దుకుంది. నా మొర వినే తీరిక దానికి లేదు.

సాయంత్రం అందరూ వచ్చారు. దొర కుర్చీలో, పక్కన గుర్రాల దొర. పంతులు, దరోగా, కొత్త ధోవతి కట్టిన బావమరిది. పెద్ద దొరసాని మేనాలో వచ్చింది. తెరలు దించిన మేనాను చెట్టు నీడలో దించారు. సర్దార్‌కు బంతిపూల దండ వేసి, వీపు మీద జరీగుడ్డ కప్పి తెచ్చారు. ఎర్రగుడ్డ పక్కకు లాగి బేగంను చూపించారు. బక్కచిక్కి, గడ్డిమోపు జారిపోయినట్టు కూర్చుని ఉంది.

పంతులు లక్షణాలు చెప్పాడు. నిదానం, ఓర్పు, మితభాషణం, ఇవి స్త్రీ లక్షణాలన్నాడు. ఆయన భార్య మాటలు వీధి చివరిదాకా మాకు వినబడేవి గనక ఎవరూ మొహం ఎత్తలేదు. దరోగా గొంతు సంగతి చెప్పాడు. "హుజూర్, సర్దార్ గొంతు చూడున్రి. డోలు! ఆడదానికి డోలు ఎక్కడ ఉంటది?"

"ఆడదానికే ఉంటుంది," అన్నాడు గుర్రాల దొర.

"ఏమమ్మా, నువ్వు జెప్పు," అన్నాడు దొర నాతో.

"ఆడదేనయ్యా," అన్నాను. "ఇన్ని దినాల సంది తినక, తాగక, లేవక పిల్లల కోసం కూసున్నది మొగది ఎట్లయితది?"

మేనాలోంచి అవునవును అన్న మాట వినబడింది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు కూడా తల ఊపారు. అప్పటిదాకా చెప్పిన రుజువులన్నింటిలో అదే గట్టిగా నిలబడింది. దరోగా నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. గెలిచాననుకున్నాను.

అప్పుడు సర్దార్ డోలు ఆపింది.

నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగి, కాళ్ళు మడిచి అందరి మధ్యా కూలబడింది. బంతిపూల దండ నేలకు తగిలింది. జబ్బు చేసిందేమో అని బంట్రోతులు ముందుకు ఉరికారు. సర్దార్ మెడ నిక్కించి ఒకసారి వణికింది. లేచింది. జరీగుడ్డ జారిపోయింది. దాని కింద నేల మీద రాగి చిలుము రంగు గుడ్డు, తడితడిగా మెరుస్తూ ఉంది. సర్దార్ దానివంక తిరిగి కూడా చూడకుండా పోయి పంతులు కండువా అంచు కొరికింది.

మొదట తేరుకున్నది దరోగానే. "ఎక్కడినుంచో తెచ్చి పెట్టినట్టున్నది హుజూర్," అన్నాడు.

"ఏ జేబుల తెచ్చింది?" అన్నాడు దొర. తర్వాత ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. గుర్రాల దొర టోపీ తీసి విసనకర్రలాగా ఊపుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. పంతులు శాంతి చేయించాలన్నాడు. ఎవరికి శాంతో చెప్పలేదు.

బావమరిది మాత్రం నవ్వలేదు. ఆయనకు అది పనివేళ. "చూసిన్రా దొరా! నేను చెప్పలే? పర్దాల ఉన్నది మగది! ఇన్ని దినాలు ఈ ముండమోసింది మగదానితోటి పర్దాల కూసున్నది! మగదానికి మగోడు ఉండాలె. రేపట్నుంచి ఆ పని నాది."

"నిజమే," అన్నాడు దొర. "నువ్వే చేసుకో."

నా నౌకరీ అంత తేలిగ్గా పోయింది. దొర కుర్చీలోంచి లేవబోతున్నాడు. బోయీలు మేనా ఎత్తడానికి వంగారు. నాకు గది గడియ గుర్తొచ్చింది. బోర్లించిన గిన్నె గుర్తొచ్చింది. కాళ్ళు వాటంతట అవే మేనా దగ్గరికి నడిచాయి.

"అమ్మా, ఒక మాట," అన్నాను. "ఆడదానికి ఆడమనిషే ఉండాలని మీరిచ్చిన హుకుం ఇంకా ఉన్నదా, కొట్టేసిన్రా?"

మేనా తెర కొంచెం కదిలింది. "నా హుకుం ఎందుకు కొట్టేస్తరు?" అంది ముసలి గొంతు, కోపంగా. "పక్షి మారింది. హుకుం మారలె."

"అట్లయితే సర్దార్ ఆడది గదమ్మా. దాని వెంట ఇద్దరు మొగోళ్ళు ఊరు తిరుగుడు..."

"ఛీ ఛీ!" అంది పెద్ద దొరసాని. "ఇన్ని దినాలు మొగోళ్ళతోని బజార్లు తిప్పిన్రా దాన్ని? దరోగా! బంట్రోతుల్ని తీసెయ్యి. దాని వెంట ఈమెనే నడవాలె."

దరోగా ఆఖరి ప్రయత్నం చేశాడు. "అమ్మా, అట్లయితే దానికి కూడ పర్దా కట్టాలె గదా."

"పర్దా పురిటికి. అదేమన్న పురిటికి కూసున్నదా? తిరుగుతున్నది. కూసున్నదానికి పర్దా ఉండనియ్యి. పథ్యం ఆపొద్దు, సాంబ్రాణి ఆపొద్దు. చూసుకునేటోడు మగోడైతే ఏంది, పురుడు పురుడే."

పిల్లలూ, చదువుకున్న మీకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. తర్వాత నేను సర్కారు నౌకరీలో చాలామంది పెద్దల కింద పనిచేశాను. వాళ్ళ హుకుంల మీద అరవడం, ఏడవడం, దండాలు పెట్టడం అన్నీ చూశాను. అవి పనిచెయ్యగా చూసింది తక్కువ. హుకుంను ఇచ్చినవాళ్ళకంటే గట్టిగా నమ్మితే మాత్రం అది కొన్నిసార్లు మన బండిని కూడా లాగుతుంది.

బావమరిది కోరుకున్న నౌకరీ బావమరిదికి దొరికింది. ఎర్రగుడ్డ వెనక కూర్చుని శొంఠి దంచేవాడు. సాంబ్రాణి పొగకు ఆయన దగ్గేవాడు, బేగం దగ్గేది కాదు. దారిన పోయే ఆడవాళ్ళు తడిక దగ్గర ఆగి, "ఏమన్నా, బాలింత ఎట్లున్నడు? పాలు పడ్డయా?" అని అడిగి పోయేవాళ్ళు. చారల చారల పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వచ్చిన రోజున ఆయన మురిసిపోయి ఒకదాన్ని ఎత్తుకోబోయాడు. అన్నాళ్ళూ కదలక మెదలక కూర్చున్న ఆ తండ్రి పక్షి లేచి ఒక్క తన్ను తన్నింది. దానిలో అంత బలం మిగిలి ఉందని ఎవరూ అనుకోలేదు. ఆయనను తడికతో సహా మోసుకొచ్చారు. అక్క శొంఠి కషాయం కాచి పోసిందట.

ఇదంతా తర్వాతి రోజుల కథ. నేను చెప్పాల్సింది గుడ్డు పడ్డ మర్నాడు పొద్దుటి సంగతి.

ఆ పొద్దున సర్దార్ తోట దాటి బజారుకు బయలుదేరింది. నేను వెనక నడిచాను. పొద్దున్నే బజారులో నేను ఎదురుపడడం అదే మొదలు. అంతకు ముందైతే నావంటి మొగుడు పోయినది ఎవరు ఎదురొచ్చినా కోమట్లు దుకాణం మెట్ల మీదే ఉమ్మేసి లోపలికి పోయి, మొహం కడుక్కుని వచ్చేవాళ్ళు. ఆ రోజూ లోపలికి పోయారు. మొహం కడుక్కోవడానికి కాదు, తలుపు అడ్డగడియ వెయ్యడానికి. సర్దార్ ఒక దుకాణం ముందు ఆరబోసిన పల్లీలు తింది. పక్క దుకాణంలో వేలాడే అద్దంలో తనను తాను చూసుకుని, నచ్చక, అద్దాన్ని పొడిచింది.

బజారు చివర, చింతచెట్టు కింద మా మరిది నిలబడి ఉన్నాడు. దరోగా పెట్టిన కబురు అంది, తెల్లవారకముందే బయలుదేరినట్టున్నాడు. చేతిలో కర్ర, భుజాన తువ్వాలు.

"నీ పని పోయిందంట గదా," అన్నాడు. "నడువు ఇంటికి. రెండు కుంచాల వడ్లు దంచాల్సినయి అట్లనే ఉన్నయి."

సర్దార్ ఆగింది. మెడ సాచి అతని తువ్వాలు వైపు చూసింది. రొమ్ములోంచి డోలు మొదలుపెట్టింది. మరిది ఒక అడుగు వెనక్కి వేశాడు. కర్రను ముందుకు పెట్టాలా వెనక దాచాలా తేల్చుకోలేకపోయాడు.

"దాన్ని ఆపు!" అన్నాడు.

"దాన్ని ఆపే హుకుం నాకు లేదు," అన్నాను. "దాని వెంట నడిచే హుకుం ఉన్నది. నాతోటి మాట్లాడాలంటే ముందు దాన్ని నువ్వే ఆపుకో."

అతను దాని కాళ్ళ వంక చూశాడు. తర్వాత దారి ఇచ్చాడు.